గుడిలేని పూసలదండ

మశూచిని అమ్మవారన్నాం. గుమ్మానికి వేపమండలు కట్టాం, సాక పోసి శాంతించమని వేడుకున్నాం. నీకు మాత్రం గుడి లేదు, జాతర లేదు, ఒక్క పాటైనా లేదు. గొంతునొప్పే కదా అని ఉప్పునీళ్ళు పుక్కిలించి ఊరుకున్నాం. ఆ బాకీ తీర్చడానికే ఈ నిందాస్తుతి.

ఊదారంగు అద్దకం వేసి సూక్ష్మదర్శిని కింద పెడితే ఎంత ముచ్చటగా ఉంటావు, పూసలదండా! ఒక్కో పూస మిల్లీమీటరులో వెయ్యో వంతు. 1874లో వియన్నా శస్త్రవైద్యుడు బిల్‌రోత్ చీముపట్టిన పుండ్లలో నిన్ను చూసి, మెలికల గొలుసు, గింజ అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటలు కలిపి స్ట్రెప్టోకాకస్ అన్నాడు. అది ఇంటిపేరు. పెట్టిన పేరు పయోజెనెస్, అంటే చీము పుట్టించేది.

మనిషి ఒళ్ళు తప్ప నీకు వేరే ఊరు లేదు. బడిపిల్లాడి దగ్గు తుంపర ఎక్కి పక్క బెంచీ పిల్ల గొంతులో దిగుతావు. దిగేటప్పుడు ఒంటి నిండా హైలురోనిక్ ఆమ్లపు శాలువా. మా కీళ్ళ జిగురులోనూ చర్మంలోనూ ఉండేది అదే సరుకు. కాపలా కాసే తెల్లకణం తడిమి చూస్తే సొంత ఇంటి బట్టే చేతికి తగులుతుంది. శాలువా కింద నిక్కబొడుచుకున్న నూగు, ఎం ప్రోటీన్. న్యూయార్క్‌లో శాస్త్రవేత్త రెబెకా లాన్స్‌ఫీల్డ్ బతుకంతా ఆ నూగునే చదివింది. దానికి మా నెత్తుటిలోని ఫైబ్రినోజెన్‌ను చుట్టుకుని ఇంకాస్త మావాడివైపోతావు. ఒక నూగును గుర్తుపట్టడం నేర్చుకున్నామో లేదో, ఇంకో నూగుతో వస్తావు. నీకున్న వేషాలు 200 పైమాటే.

సాయం రమ్మని మా శరీరం పెట్టే కేకను గాలిలోనే కత్తిరిస్తావు. చావబోతూ న్యూట్రోఫిల్ అనే తెల్లకణం తన డీఎన్ఏనే వలగా విసిరితే, ఆ పోగుల్ని కొరికి జారుకుంటావు. స్ట్రెప్టోలైసిన్‌తో కణాల పొరకు బెజ్జాలు పొడుస్తావు. రక్తం కలిపిన పళ్ళెంలో నిన్ను పెంచితే, నీ చుట్టూ ఎరుపు కరిగిపోయి అద్దమంత తేట!

అన్నిటికన్నా నీ పనితనం కంచె దగ్గర చూడాలి. పుండు చుట్టూ మేము ఫైబ్రిన్ కంచె కడతాం. దాన్ని నువ్వు ముట్టుకోవు. స్ట్రెప్టోకైనేజ్‌ను పంపి మా ప్లాస్మినోజెన్‌ను తట్టి లేపుతావు, అంతే. మేము కట్టిన కంచెను మా ఎంజైమే కరిగించేస్తుంది. కంచే చేను మేసిందన్న మాట ఇంత నిజమైన చోటు మరొకటి లేదు. ఆ తెరిచిన దారిన ఎప్పుడో ఒకప్పుడు కండమీది పొరల్లోకి దిగుతావు. పైన చర్మం కాస్త కందినట్టే ఉంటుంది. లోపల గంటగంటకూ కుళ్ళు పాకుతుంది. కంటికి కనిపించేదానికీ రోగి పెట్టే కేకకూ పొంతనే ఉండదు.

దేవతలకు వాహనాలున్నట్టు నీకూ ఉంది. మా చెయ్యి. శవాలు కోసిన చేతులతోనే వైద్యులు కాన్పులు చేసిన కాలంలో బాలింత జ్వరమై ఎందరు తల్లుల్ని పొట్టన పెట్టుకున్నావు! 1847లో వియన్నాలో వైద్యుడు సెమ్మెల్‌వైస్ క్లోరిన్ నీళ్ళతో చేతులు కడగమన్నప్పుడు నీ పేరైనా ఎవరికీ తెలియదు. 1879లో పారిస్‌లో పాశ్చర్ నల్లబల్ల మీద నీ గొలుసు గీసి చూపించాడు.

వెళ్ళిపోయాక కూడా ఇల్లు కాలుస్తావు. గొంతు బాగుపడిన రెండు మూడు వారాలకు ఒక కీలు వాచి, అది తగ్గేసరికి ఇంకో కీలు వాస్తుంది. నీ నూగు పోలికలు మా గుండె కండలోని మయోసిన్‌లో ఉన్నాయి. నీ కోసం నూరిన కత్తులు ఆ పోలిక చూసి గుండె మీద పడతాయి. మన వేలితో మన కన్నే. పదేళ్ళప్పుడు కవాటానికి తగిలిన ఆ దెబ్బ, తొలిచూలు నెలల్లో ఆయాసమై బయటపడిన ఆడపిల్లలు మన ఊళ్ళలో ఎందరో.

అయినా గురువువి నువ్వు. కంచె కరిగించే ఆ రసాన్నే నీ ఇంటిపేరున్న దాయాది దగ్గర తీసి, గుండెపోటు వచ్చినవాళ్ళ నరానికి ఎక్కించి గడ్డలు కరిగించాం. నీ మీద పడే వైరస్‌లను తెగ్గొట్టడానికి నువ్వు దాచుకున్న కత్తెర క్యాస్9. దాంతో జన్యువులు కత్తిరించవచ్చని 2012లో చూపిన షార్పాంటియే, డౌడ్నాలకు 2020లో నోబెల్ వచ్చింది. పరాయి సరుకుతో పని నడిపే విద్య మాకూ అబ్బింది.

స్తోత్రమన్నాక ఫలశ్రుతి ఉండాలి. ఇన్ని మాయలు నేర్చినదానివి, పెన్సిలిన్ ముందు మాత్రం ఇప్పటికీ తలవంచుతావు. అయితే మూడో రోజుకే జ్వరం దిగి, పిల్ల వీధిలోకి పరుగెత్తి, మందు అలమరలో మిగిలిపోయే ఇల్లు నీకు ఇష్టం. డాక్టరు పరీక్షచేసి పది రోజులకు రాస్తే పదో రోజు మాత్ర కూడా మింగించిన తల్లి ఎవరో, ఆమెకే ఈ స్తుతి ఫలం. ఆమె నిద్రపోతున్న కూతురి గుండెమీద చెవి ఆనిస్తే తలుపులన్నీ వేళకు తెరుచుకుని వేళకు మూసుకుంటాయి. మధ్యలో ఏ గరగరా వినపడదు.