ఆకుముద్రణము – అందలి కళ

ఆస్ట్రేలియా వస్త్రకళాకారిణి ఇండియా ఫ్లింట్ 2008లో ప్రకటించిన 'ఈకో కలర్' అను గ్రంథము ఆకుముద్రణమునకు విశేష వ్యాప్తి కలిగించినది. యూకలిప్టసు ఆకులను తడి ఉన్నిగుడ్డపై పరచి, బిగువుగా చుట్టి, దారముతో కట్టి ఆవిరిపై ఉడికించినచో ఆకు తన రూపమును, రంగును గుడ్డకు అప్పగించును. ఆ ఉన్ని నేసినదే కానక్కరలేదు. మన గొంగడికి మగ్గము కావలెను, ఫెల్టుకు అక్కరలేదు. వేడినీరు, సబ్బు, మర్దనములచేత ఉన్నిపోగులు పెనవైచుకొని అది ఏర్పడును. దానిపైనను ముద్ర ఇట్లే పడును.

ముద్ర ఆకుది కాగా కళ ఎవరిదని అడుగువారు కలరు. ప్రశ్న సమంజసమే. శ్రీకాళహస్తి కలంకారీ పనివాడు కరక్కాయ వగరు పట్టిన గుడ్డపై, ఇనుము బెల్లముతో ఊరిన నీట కలము ముంచి గీయును. వగరును ఇనుమును కలసి నలుపగును. ఆకుముద్రణమందును ఇనుము సోకిన ఆకువగరు నల్లబడును. రసాయనమొక్కటియే, అచ్చట గీత మనుష్యునిది, ఇచ్చట ఆకుది. కావున ఇచ్చటి కళ ఎంపికయందున్నది: ఏ ఆకు, ఎంత ఎడము, ఎంత ఖాళీ. గుడ్డనంతయు ఆకులతో నింపినచో చెట్టే కనిపించును, కళాకారుని దృష్టి కనిపింపదు. పాఠశాలలలో ఈ విద్య నేర్పదలచువారు ఆకు పరచుటకు ముందు ఖాళీ విడుచుట నేర్పవలెను.