పేరు అచ్చయ్యాక

ఈ వారం పొద్దుటి కాఫీ చల్లారబెట్టింది జిల్లా పేజీలోని ఓ ఫొటో. ముందు వరసలో గోధుమరంగు టేపు చుట్టిన గంజాయి పొట్లాలు. వాటి వెనక మోకాళ్ళ మీద నలుగురు కుర్రాళ్ళు, ముఖాలకి నల్లగుడ్డలు. వాళ్ళ వెనక నిటారుగా అధికారులు. ముఖాలు కప్పారు, పోనీలే మర్యాద పాటించారు అనుకునేలోపు కింద వార్త చదివాను. నలుగురి పేర్లూ, తండ్రుల పేర్లూ, ఊళ్ళూ, వయసులూ పొల్లుపోకుండా ఉన్నాయి. డబ్బు పెట్టిందెవరు, సరుకు ఎవరికి చేరాలి అన్న చోటికి వచ్చేసరికి నా చిరకాల శత్రువు ఎదురైంది: ‘సూత్రధారుల కోసం గాలిస్తున్నట్లు తెలిసింది’.

ఈ కాలమ్ చదివేవాళ్ళకి నాకున్న రెండు జబ్బులూ తెలుసు. ‘తెలిసింది’ అంటే మంట. పాత పత్రికల ఫైళ్ళంటే మోజు. ఈ వారం రెండూ ఒకేసారి తిరగబెట్టాయి.

అరెస్టయినవాళ్ళని పత్రికలవాళ్ళ ముందు ఊరేగించకూడదని కేంద్ర హోంశాఖ 2010లోనే రాష్ట్రాలకి సలహా పంపింది. పోలీసులు పాటించకపోతే అది వాళ్ళ సంగతి. ఆ ఫొటో నాలుగు కాలమ్‌ల్లో వేసింది మాత్రం మనమే కదా. గంజాయి మీద మన వార్తల్లో నూటికి తొంభై ప్రెస్ నోటే. ప్రెస్ నోటులో కనిపించేది ఎప్పుడూ మోసేవాడు.

ఆ మోసేవాడెవరో ఏజెన్సీ తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పాడేరు, చింతపల్లి, గూడెంకొత్తవీధి, ముంచంగిపుట్టు, గట్టు దాటితే ఒడిశాలో మల్కన్‌గిరి, కోరాపుట్. అక్కడి ‘శీలావతి’ రకం గంజాయికి దేశమంతా గిరాకీ. పెట్టుబడి బయటివాడిది, పంట కొండమీదివాడిది, మోత కుర్రాడిది. ముందు మోటారు సైకిలు మీద దారి చూసేవాడొకడు, వెనక పనసకాయల లోడు కింద సరుకు. తమిళనాడు, కేరళ, మహారాష్ట్రల్లో కొనేవాడి పేరు కుర్రాడికి చాలాసార్లు నిజంగానే తెలీదు. 1985 నాటి చట్టం ప్రకారం 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. పదేళ్ళకి తక్కువ కాకుండా ఇరవై ఏళ్ళ దాకా జైలు, బెయిలు దుర్లభం. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు దాదాపు 2 లక్షల కిలోలు ఒకేచోట తగలబెట్టారు. అంత సరుకు వెనక ఎంత పెట్టుబడి ఉండాలి? ఆ పెట్టుబడిదారు ఏ పేజీలో ఉన్నాడు?

‘మీకు ధైర్యం లేక రాయరు’ అని ఓ పాఠకుడు రాశాడు. అయ్యా, రాయవలసినవాడు ఎవరో, ఎక్కడుంటాడో మీకు తెలుసా? ఏజెన్సీ మండలంలో విలేకరి అంటే జీతగాడు కాడు, కంట్రిబ్యూటరు. అచ్చయిన వార్త పొడుగు కొలిచి ఇచ్చే లైన్ అకౌంటు మీద వచ్చేది పెట్రోలుకే చాలదు. పొట్టకూటికి ఫొటో స్టూడియోనో జిరాక్సు షాపో ఉంటుంది. ఎవరి మీద రాస్తాడో వాళ్ళ మధ్యనే రేపు కూరగాయలు కొనుక్కోవాలి.

నేను డెస్కులో ఉన్నప్పుడు అలాంటివాడొకడు గెడ్డ అవతల తోట ఫొటో పంపాడు. ఊరి పేరు రాయలేదు, మనుషుల పేర్లు రాయలేదు. వార్త జాగ్రత్తగానే ఉంది. వారం తిరక్కుండానే సంతలో అతను టీ తాగి డబ్బులు తీయబోతే ఇచ్చేశారన్నారు. ఇచ్చినాయన బల్ల మీదే కూచునున్నాడు. “ఫొటో బాగా తీసేరు విలేకరిగారూ, మా సింతచెట్టు కూడా పడింది” అన్నాడట నవ్వుతూ. అదే సాయంత్రం పోలీసు స్టేషను నుంచి కబురు: తోట సంగతి తెలిసి మాకెందుకు చెప్పలేదు? చెబుదామంటే మూడో పక్షం ఒకటుంది, మావోయిస్టులు. ఆ కాలంలో కొండమీద ఇన్‌ఫార్మరన్న ముద్ర పడ్డవాడు తెల్లారేసరికి ఉంటాడో ఉండడో. ఫోన్లో ఇదంతా చెప్పి, “ఇకమీదట నా ఫొటోల్లో చెట్లుండవు సార్” అన్నాడు. ఇద్దరం నవ్వాం. నవ్వదగ్గ మాట కాదని ఇద్దరికీ తెలుసు.

చిక్కులు అక్కడితో అయిపోవు. ‘పట్టుబడిన సరుకు విలువ రూ. 2 కోట్లు’ అని శీర్షిక పెడతాం. కొండమీద కిలో ఇంత, నగరంలో ఇంతకింతలు అని పెట్టె కట్టి మరీ వేస్తాం. చదివే నిరుద్యోగికి అది హెచ్చరికా, ప్రకటనా? కొత్తగా ఏ లారీలో ఏ అరలో దాచారో బొమ్మ గీసి చూపిస్తే ఎవరికి పాఠం? రాయకపోతే దాచినట్టు, రాస్తే నేర్పినట్టు.

వీటన్నిటి దృష్ట్యా ఓ నిర్ణయానికి వచ్చి, కలం తీశాను కూడా. పట్టుబడ్డవాళ్ళ పేర్లు మొదటి రోజు అసలు వేయకూడదు. పెద్ద చేపల పేర్లు వేసే దమ్ము లేనప్పుడు చిన్న చేపల్ని అచ్చులో ఆరబెట్టడమేమిటి? ఇదీ రాద్దామనుకున్నది. ఇంతలో రెండో జబ్బు అడ్డొచ్చింది.

గియెర్మో కానో అని కొలంబియా దేశంలో ఓ సంపాదకుడుండేవాడు. బొగోటా నుంచి వెలువడే ‘ఎల్ ఎస్పెక్తదోర్’ పత్రిక ఆయనది. ఆదివారం ఆదివారం మనలాగే కాలమ్ రాసేవాడు. 1983లో ఆ దేశపు పార్లమెంటులో కొత్త ముఖం ఒకటి తిరుగుతోంది. అంతకుముందు ఏడాది ప్రత్యామ్నాయ సభ్యుడిగా నెగ్గినవాడు. మెడెలిన్‌లో పేదలకి ఇళ్ళు కట్టిస్తున్నాడు, ఫుట్‌బాల్ మైదానాలకి దీపాలు పెట్టిస్తున్నాడు. పేరు పాబ్లో ఎస్కోబార్. కొకైన్ డబ్బని ఊరంతా గుసగుస. ‘తెలిసింది’ అని రాయడానికి కావలసినంత ఉంది. కానో అలా రాయలేదు. ఈ ముఖం ఎక్కడో చూశానే అనుకుని పాత ఫైళ్ళు తిరగేయించాడు.

దొరికింది. 1976 జూన్ నాటి మామూలు నేరవార్త. లారీ స్టెప్నీలో దాచిన కొకైన్, దాదాపు 18 కిలోలు, ఆరుగురి అరెస్టు. ఆ ఆరుగురిలో ఒకడు 26 ఏళ్ళ పాబ్లో ఎస్కోబార్. మన జిల్లా పేజీలో రోజూ వచ్చేలాంటి వార్తే. ఆ కేసు తర్వాత కోర్టుల్లో తిరిగి తిరిగి ఆవిరైంది. పత్రిక ఫైల్లో మాత్రం ఆవిరి కాలేదు. 1983 ఆగస్టు 25న కానో దాన్ని మళ్ళీ అచ్చేశాడు. మెడెలిన్‌లో ఎస్కోబార్ మనుషులు ఆ ప్రతులన్నీ కొనేయడానికి పరుగులు తీశారు. లాభం లేకపోయింది. పార్లమెంటు సభ్యుడిగా ఉన్న రక్షణ పోయింది. 1984 జనవరికల్లా రాజకీయాలకి దండం పెట్టాల్సి వచ్చింది.

దానికి చెల్లించిన మూల్యం కూడా చెప్పాలి. ఎస్కోబార్‌ని సభలో నిలదీసిన న్యాయమంత్రి రొద్రీగో లారా బోనియాని 1984 ఏప్రిల్ 30న చంపేశారు. 1986 డిసెంబరు 17 రాత్రి, ఇంటికి బయల్దేరిన కానోని ఆఫీసు ఎదుటే మోటారు సైకిలు మీద వచ్చినవాళ్ళు కాల్చేశారు. 1989 సెప్టెంబరు 2న ఆ ఆఫీసు ముందే బాంబులున్న ట్రక్కు పేలింది. మర్నాడు పత్రిక వచ్చింది, ముందుకే సాగుతున్నాం అన్న శీర్షికతో.

దీన్ని మనవాళ్ళు వీరగాథగా చెబుతారు. వీరత్వం సంగతి అలా ఉంచండి. నన్ను పట్టుకున్నది ఆ పాత వార్త. 1976లో ఏ సబ్ ఎడిటరో నాలాగే జాలిపడి ‘చిన్న చేపలు కదా, పేర్లెందుకు’ అనుకుని ఉంటే 1983లో కానో చేతికి ఏం దొరికేది? ఆ రోజు ఎస్కోబారూ స్టెప్నీ సరుకు కేసులో పట్టుబడ్డ ఆరుగురిలో ఒకడే. మోసేవాడెవరో మోయించేవాడెవరో మొదటి రోజు తేలదు.

కాబట్టి నేను రాయబోయిన నిర్ణయం చెల్లదు. పేరు ఉండాలి. మైనరు పేరు మాత్రం చట్టప్రకారం ఎన్నడూ వేయకూడదు. అందులో రెండో మాట లేదు.

అయితే పేరు వేసినందుకు పత్రిక ఓ బాకీ పడుతుంది. 2021 అక్టోబరులో ఆర్యన్ ఖాన్ అరెస్టు ఎంత వార్తయిందో, 2022 మేలో అతని మీద ఆధారాల్లేవని నార్కోటిక్స్ బ్యూరో వదిలేయడమూ అంతే వార్తయింది. సినిమా హీరో కొడుకు గనక. గూడెంకొత్తవీధి కుర్రాడి కేసు కొట్టేస్తే ఏ పత్రిక వేసింది? నమూనాలు మేజిస్ట్రేటు ఎదుట తీయలేదని కొట్టేసిన కేసులున్నాయి. ఆ కుర్రాళ్ళ ఊళ్ళో మాత్రం గోడకి అంటించిన పత్రిక ముక్క ఇంకా అదే చెబుతోంది.

ఇందులో ఇంకో సంగతీ ఉంది. వాణిజ్య పరిమాణం కేసుల్లో చార్జిషీటుకి 180 రోజుల గడువు. ఆ కాగితాల్లో ‘ఏ-5, పరారీ’ అని ఒకడుంటాడు. డబ్బు పెట్టినవాడి ఆచూకీ ఎక్కడైనా ఉంటే అక్కడే ఉంటుంది. కోర్టులో జరిగినదాన్ని ఉన్నదున్నట్టు రాస్తే పరువునష్టం చట్టమూ మినహాయింపు ఇస్తుంది. ఆ వార్త రాయడానికి కొండమీది కంట్రిబ్యూటరు సంతలో ఎవరితోనూ టీ తాగనక్కర్లేదు. పట్నంలో జీతమూ, అక్రిడిటేషన్ కార్డూ ఉన్న స్టాఫ్ రిపోర్టరు కోర్టుకి వెళ్తే చాలు. కానో పోయాక కొలంబియాలో పోటీ పత్రికలు చేతులు కలిపి మత్తు ముఠాల మీద కథనాలు ఒకేసారి అచ్చేశాయి. అందరూ రాసినప్పుడు ఎవర్ని కాలుస్తారు? మన జిల్లా పేజీలు రోజూ ఒకే ప్రెస్ నోటుని ఒకేలా వేస్తూనే ఉన్నాయి. ఒకే చార్జిషీటుని ఒకే రోజు వేయడానికి అడ్డేమిటి?

కంట్రిబ్యూటర్లకి బైలైన్ ఇవ్వాలని ఇక్కడే ఎన్నోసార్లు గోలపెట్టాను. గంజాయి వార్తకి మాత్రం వద్దు. బైలైన్ బదులు జీతమివ్వండి, బీమా చేయించండి.

మోకాళ్ళ మీది మనుషుల పేర్లు వేసిన పత్రిక, తీర్పు నాడు కూడా అంతే అక్షరాలతో, అదే పేజీలో వేయాలి. అంత ఓపిక లేని పత్రికకి మొదటి రోజు పేరు వేసే హక్కు లేదు. పాఠకులూ ఓ పని చేయండి. ఇలాంటి వార్త కనిపిస్తే తేదీ రాసి పెట్టుకోండి. ఆర్నెల్లయ్యాక మీ జిల్లా డెస్కుకి ఫోన్ చేసి ఆ కేసు ఏమైందని అడగండి. పదిమంది అడిగితే ఎవరో ఒకర్ని కోర్టుకి పంపక తప్పదు.