అమ్మేవాడే అప్పిస్తే

తిరుపతిలో హోటల్ అమ్మాలనుకున్నవాడు తెలివైనవాడైతే మే నెలలో బేరం పెడతాడు. బడులకు సెలవులు, కొండకు జనం. బస్టాండు చుట్టుపక్కల ఏ కౌంటరు దగ్గరా నిలబడ్డానికి చోటుండదు. ఆ రద్దీ చూపించి, "బంగారంలాంటి వ్యాపారం సామీ, ఒంట్లో బాగలేక ఇచ్చేస్తా ఉండా" అంటాడు.

లెక్కలు రాసేవాణ్ని కాబట్టి ఇలాంటి బేరాల్లో నన్నూ కూర్చోబెడుతుంటారు. నేను ముందు అడిగేది పాలవాడి చీటీ. రోజుకు ఎన్ని లీటర్లు పోస్తున్నాడు? నెలకు ఎన్ని సిలిండర్లు దిగుతున్నాయి? ఓనరు నోటుబుక్కులో రాత్రి కూర్చుని ఎంతైనా రాసుకోవచ్చు. పాలవాడు మాత్రం పోసిన పాలకు డబ్బు వదులుకోడు. ఫోన్‌పే స్టేట్‌మెంటు ఏడాదిది తీయిస్తే మే ఎంతో, జనం పలచబడ్డ నెల ఎంతో తేలిపోతుంది.

సరే, వ్యాపారం నిజమేననుకుందాం. ధర 20 లక్షలు. అందులో పొయ్యిలు, గ్రైండర్లు, ఫ్రిజ్‌లు, బల్లలు కలిపి 8 లక్షలు. మిగతా 12 లక్షలు గుడ్‌విల్. అంటే పొద్దున్నే వచ్చి ఇడ్లీ తినే జనం అలవాటుకు కట్టిన ఖరీదు. బ్యాంకు మేనేజరు గ్రైండరుకు అప్పిస్తాడు, అలవాటుకు ఇవ్వమంటే ఇంటి పత్రాలు అడుగుతాడు. సర్కారు పథకాలదీ అదే దారి. 2008లో వచ్చిన పీఎంఈజీపీ సబ్సిడీ ప్రధానంగా కొత్త యూనిట్లకే. 2016లో మొదలైన స్టాండప్ ఇండియా కూడా కొత్తవాటికే ఉండేది. కొత్త ఉద్యోగాలు పుట్టించడం వాటి ఉద్దేశం కాబట్టి తప్పు పట్టలేం. కానీ నిలబడుతుందో లేదో తెలియని కొట్టుకు చేయూత ఉంది, ఇరవై ఏళ్లు నిలబడ్డ కొట్టు చేతులు మారడానికి లేదు. అమెరికాలో చిన్న వ్యాపారాల సంస్థ ఎస్‌బీఏ పూచీతో బ్యాంకులిచ్చే 7(ఎ) రుణంతో నడుస్తున్న వ్యాపారాన్ని కొనుక్కోవచ్చు. పరిమితి 50 లక్షల డాలర్లు.

మన దగ్గర ఆ 12 లక్షలు ఎక్కడినుంచి వస్తాయి? ఆడవాళ్ల నగలు బ్యాంకులోకి వెళతాయి. చీటీ మొదట్లోనే పాడుకుంటే వదులుకోవాల్సింది ఎక్కువ. అదీ చాలకపోతే ప్రోనోటు రాసి మూడు రూపాయల వడ్డీకి తేవాలి. 12 లక్షలకు నెలకు 36 వేలు, అదీ వడ్డీ మాత్రమే. హోటల్ 70 వేలు మిగిల్చినా సగం పైన వడ్డీకే. అసలు అక్కడే ఉంటుంది.

అందుకే నేను అమ్మేవాడివైపు తిరిగి ఒకటే అడుగుతాను: "ఇందులో 6 లక్షలు నెలకు 25 వేల చొప్పున రెండేళ్లలో తీసుకుంటావా అన్నా?" ఆ జవాబులో వ్యాపారం బండారమంతా ఉంటుంది. ఆ కౌంటరు ఎంత తెస్తుందో లోకంలో అందరికంటే బాగా తెలిసినవాడు అతనే. ఆ రాబడిని నమ్మి అతనే ఆగలేకపోతే కొనేవాడు ఎందుకు నమ్మాలి? నిజంగా ఆసుపత్రి ఖర్చో, కూతురి పెళ్లో ఉండి మొత్తం ఒకేసారి కావాలనేవాళ్లూ ఉంటారు. అప్పుడు ధర తగ్గించమంటాను.

వాయిదాలు ఉంటే ఇంకో మేలుంది. వ్యాపారం మొత్తంగా చేతులు మారితే అప్పటిదాకా ఉన్న జీఎస్టీ బకాయికి అమ్మినవాడితో పాటు కొన్నవాడూ బాధ్యుడే. పీఎఫ్ బకాయిలూ అంతే. చిత్తూరులో 2002లో మూతపడ్డ విజయా డెయిరీని 2023లో అమూల్‌కు అప్పగించేముందు ప్రభుత్వమే పాత బకాయిలు తీర్చాల్సి వచ్చింది. చిన్న హోటల్ కొనేవాడికి అలా తీర్చిపెట్టే దొర ఎవరుంటారు? పాత బాకీ బయటపడితే ఆ నెల వాయిదాలో కోసుకుంటానని కాగితంలో రాసుకోవడమే అతని రక్ష. పక్క వీధిలోనే మళ్లీ హోటల్ పెట్టకూడదనీ రాసుకోవచ్చు. గుడ్‌విల్ అమ్మినవాడిమీద ఇలాంటి షరతును, హద్దు సబబుగా ఉంటే, 1872 నాటి కాంట్రాక్టు చట్టమే ఒప్పుకుంటుంది.

బేరంలో కనిపించని మూడోమనిషి బిల్డింగ్ ఓనరు. తిరుపతిలో టీటీడీ స్థలాలున్నాయి, హథీరాంజీ మఠం భూములున్నాయి, లీజుమీద లీజులున్నాయి. పదకొండు నెలల అగ్రిమెంటుమీద నిలబడ్డ హోటల్‌కు 12 లక్షల గుడ్‌విల్ కడితే, ఓనరు తాళం వేసిన రోజున చేతిలో మిగిలేది గ్రైండరే. కాబట్టి అడ్వాన్సు ఇచ్చేముందే ఆయన్ని పిలిపించి, కనీసం వాయిదాలు తీరే రెండేళ్లకైనా కొత్త లీజు రాయించుకుని రిజిస్టరు చేయించండి. ఆయన రానంటే, మే నెల రద్దీ ఎంత ఊరించినా లేచి రండి.