వినేవాళ్ళు పోషించే రేడియో ఎవరిది?

ప్రకటనలు లేని రేడియో వింటే హాయిగా ఉంటది. సబ్బులు, బంగారం షాపులు, ప్లాట్ల అమ్మకాలు మధ్యలో రావు. మరి ఖర్చు ఎవరు పెట్టుకుంటరు? వినేవాళ్ళే. ఈ పద్ధతిని బాగా వాడుకున్న వాటిలో క్రైస్తవ రేడియో స్టేషన్లు ఉన్నాయి. ఇది గొప్ప పద్ధతి అని పెద్దవాళ్ళు మెచ్చుకుంటరు. నేను మాత్రం సగమే మెచ్చుకుంటాను.

అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో లూథరన్ చర్చికి కాంకోర్డియా సెమినరీ అనే విద్యాలయం ఉంది. పాదిరులు కావాల్సినవాళ్ళు అక్కడ చదువుతారు. 1924 డిసెంబరు 14న అక్కడ కె.ఎఫ్.యు.ఓ. అనే స్టేషన్ మొదలైంది. చందాలతో పుట్టిన స్టేషన్ అది. తర్వాత 1948లో దానికి తోడుగా ఎఫ్.ఎం. వచ్చింది. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతానికి ఆ ఎఫ్.ఎం. పేరు తెచ్చుకుంది. 2010లో చర్చి దాన్ని 1 కోటి 80 లక్షల డాలర్లకు ఇంకో క్రైస్తవ సంస్థకు అమ్మేసింది. ఊళ్ళో చాలామంది వద్దన్నా అమ్మకం ఆగలేదు. ఆ ఎఫ్.ఎం.లో ప్రకటనలు కూడా వచ్చేవి, ఆ మాట దాచకూడదు. అయినా వినేవాళ్ళు అది తమదే అనుకున్నరు. కాగితం మీద యజమాని వేరే అని అమ్మిన రోజు తెలిసింది. ఎ.ఎం. స్టేషన్ మాత్రం చర్చి దగ్గరే ఉండి విరాళాలతో నడుస్తున్నది.

తెలుగువాళ్ళకు ఇలాంటి రేడియో సముద్రం అవతలి నుంచి వచ్చింది. ఫెబా అనే సంస్థ 1970 నుంచి 2003 వరకు సీషెల్స్ దీవుల నుంచి షార్ట్ వేవ్ మీద ప్రసారాలు చేసింది. వాటిలో తెలుగు కూడా ఉండేది. ఆ దీవులు మన బీదర్‌కు మూడు వేల కిలోమీటర్లకు పైనే దూరం! శ్రీలంకలోని పుత్తలం నుంచి ట్రాన్స్ వరల్డ్ రేడియో మీడియం వేవ్ మీద పంపేది. మీడియం వేవ్ పగలు దగ్గర్లోనే ఆగిపోతది, రాత్రి ఆకాశంలో పైపొరలకు తగిలి తిరిగి వచ్చి చాలా దూరం పోతది.

మా అమ్మమ్మ వల్ల నేను కూడా ఇలాంటి కార్యక్రమాలు కొన్ని విన్నాను. పేర్లు చెప్పను. వాటిలో నాకు నచ్చింది శ్రోతల ఉత్తరాలు చదివే భాగం. కొడుకు తాగుడు, బిడ్డ పెళ్ళి, అప్పు, జబ్బు అన్నీ అందులో ఉంటయి. కానీ ఉత్తరం చదివేది స్టూడియోలో కూర్చున్న మనిషి. రాసినామె గొంతు మనకు వినపడదు. తర్వాత ప్రసంగం వస్తది, అందులో అన్నీ 'కృపాక్షేమములు', 'వాక్యపరిచర్య' లాంటి మాటలు. మా ఇంట్లో 'జల్ది రా', 'పరేషాన్ కాకు' అంటం. కన్నడ, ఉర్దూ, మరాఠీ కలిసిన మా తెలుగు ఆ రేడియోలో నేను ఒక్కసారి కూడా వినలేదు. చందా అడిగేటప్పుడు మాత్రం మాట చాలా సులువుగా అర్థమవుతది.

మనకు దగ్గర్లోనే, జహీరాబాద్ దగ్గరి మాచ్నూర్‌లో సంఘం రేడియో ఉంది. 90.4 మీద 2008 అక్టోబరు 15న మొదలైంది. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వాళ్ళది. అది మతం రేడియో కాదు. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత మహిళలు దాన్ని నడిపించిండ్రు. జొన్నలు, విత్తనాలు, పండుగ పాటలు, అన్నీ వాళ్ళ ఊరి మాటల్లోనే. దానికి యునెస్కో సాయం అందింది కాబట్టి వినేవాళ్ళ చందాలతో పుట్టిందని అనలేం. డబ్బు విషయంలో క్రైస్తవ రేడియోనే ముందుంది. గొంతు విషయంలో మాత్రం మాచ్నూర్ ముందుంది.

చందా తీసుకునే రేడియో లెక్క కూడా చదివి వినిపించాలి. మా వీధిలో చీటీ కట్టే ఆంటీలు నెలనెలా లెక్క అడుగుతరు, ఎవరూ తప్పు పట్టరు.

మన దేశంలో 2002 నుంచి పేరున్న విద్యాసంస్థలకు, 2006 నుంచి స్వచ్ఛంద సంస్థలకు కూడా చిన్న రేడియో పెట్టుకునే వీలుంది. 50 వాట్ల ట్రాన్స్‌మిటర్ చాలు. రేపు బీదర్‌లో ఒక చర్చి బడి అలాంటిది పెడితే నేను తప్పక వింటాను. మైకు ముందు వారానికి అయ్యగారు ఎన్ని గంటలు, పిల్లలూ వంటమనుషులూ కూరగాయలమ్మేవాళ్ళూ ఎన్ని గంటలు అని మాత్రం లెక్కపెడతాను.