చివరగా చేయి పడిన చోటు

నిజామాబాదులో కారు పాత బ్యాటరీని తీయించి క్రొత్తది వేయించుకొని, ఇక కొన్నేండ్లవరకు ఆ చింత లేదను ధీమాతో బోధను చేరిన నాకు, మరునాటి ఉదయము అక్కడి శక్కర్‌నగరు వీథిలో తాళము త్రిప్పగా టక్ టక్ మను సన్నని చప్పుడు తప్ప వేరేమియు వినరాలేదు. దీపములు వెలుగుచునే యున్నవి, హారను మ్రోగుచునే యున్నది. సెల్ఫు మాత్రము తీసికొనదు. క్రొత్త బ్యాటరీయే చెడినదని యొకరు, సెల్ఫు మోటారు కాలినదని వేరొకరు తీర్పు చెప్పుచుండగా, నిజాం కాలమున 1937లో వెలసి, నిజాంసాగరు నీటితో పండిన చెరకును దశాబ్దములపాటు చక్కెరగా మార్చి, 2015 డిసెంబరులో మూతపడిన అచటి చక్కెర కర్మాగారమున ఫిట్టరుగా పనిచేసిన పెద్దమనిషి యొకడు నిదానముగా వచ్చి బానెట్టు ఎత్తించెను.

"సారూ, ఆఖరుకు చెయ్యి యాడ వడ్డదో ముందుగాల గాడనే సూడాలె," అనుచు అతడు నల్లతీగ క్లాంపును రెండు వ్రేళ్ళతో పట్టి త్రిప్పగా, అది సీసాకు బిగిసిన మూతవలె నిలువక, గాజులాగున గిర్రున తిరిగెను. బ్యాటరీ క్రొత్తదే, క్లాంపు పాతది. దాని లోపల తెల్లని బూజువంటి పొడి పేరుకొని యున్నది.

దీపమునకు కొద్ది ఆంపియర్ల విద్యుత్తు చాలును. ఇంజనును కదలించు తొలి క్షణమున సెల్ఫునకు నూటికి పైగా ఆంపియర్లు కావలెను. వదులైన పట్టు గుండ అంత ప్రవాహము పోజాలక వోల్టేజి అక్కడనే పడిపోవును. సెల్ఫులోని స్విచ్చి అందుకొనబోయి విడుచును, మరల అందుకొనును. ఆ టక్ టక్ అదియే. క్రషింగు సీజనులో యంత్రము ఆగినచో బయట చెరకుబండ్లు బారులు తీరు చోట పనిచేసినవానికి చివరగా చేయి పడిన చోటినే ముందు చూచు ఈ క్రమము అలవడుట సహజము; క్రొత్త సామాను తెప్పించుటకు ముందు పాత పట్టును చూచుటయే నిజమైన పనితనమని నా దృఢవిశ్వాసము.

అతడు ముందు నల్లతీగను, తరువాత ఎర్రతీగను విప్పి, వంటసోడా కలిపిన వేడినీటితో క్లాంపులు కడిగి, తుడిచి, గరుకు కాగితముతో సీసము మెరయువరకు రుద్ది, ఈమారు ఎర్రతీగను ముందు బిగించి నల్లతీగను చివర బిగించెను. నల్లతీగ కారు ఒడలికి కలిసియుండును గనుక, అది తగిలియుండగా ఎర్రదానిపై పెట్టిన పానా ఇనుమునకు సోకినచో నిప్పులు చిమ్మును. తాళము త్రిప్పితిని, ఇంజను ఒక్క త్రుటిలో అందుకొనెను.

బ్యాటరీ మార్పించుకొను పాఠకులకు నా మనవి: దుకాణము ముంగిటనే, డబ్బు చెల్లింపక మునుపే, ఇంజను ఆపి, రెండు క్లాంపులను చేతితో త్రిప్పి చూడుడు, కదలినచో అక్కడనే బిగింపించుకొనుడు.