మంచము ప్రక్కని పరిచర్య

ఆసుపత్రి కొలువు విరమించిన పిదప నేను రాజమహేంద్రవరమున చేయుచున్న పని యేమని బంధువు లడిగినప్పుడు, పక్షవాతముచేతనో, వెన్నెముక దెబ్బచేతనో, ప్రొస్టేటు గ్రంథి పెరుగుటచేతనో మూత్రము తమంతట విడువలేక గొట్టముపై ఆధారపడిన వారి యిండ్లకు పోయి, ఆ కేథటరును సకాలమున మార్చి, యూరిన్ బ్యాగును పరీక్షించి, ఇంటివారికి శుభ్రత నేర్పి వచ్చుచున్నానని చెప్పుదును. విన్నవారి మొగములు కొంచెము ముడుచుకొని, సంభాషణ వేరొక విషయమునకు మరలిపోవును. గుండెజబ్బును గూర్చి పెండ్లిపందిట కూర్చుండి గంటలకొలది మాటలాడుకొను మనము, మూత్రమును గూర్చి వైద్యుని యెదుటనైనను గొంతు తగ్గించియే చెప్పుకొందుము. ఈ సంకోచమువలన కలుగు కీడును నిత్యము చూచుచుండుటచేతనే ఈ వారము దీనిని గూర్చి వ్రాయ సంకల్పించితిని.

బోలుగొట్టమును దేహములోనికి పంపి రోగిని ఉపశమింపజేయుట మనకు క్రొత్త కాదు. సుశ్రుతుడు తన యంత్రములను లెక్కించుచు ఇరువది నాడీయంత్రములను చెప్పియున్నాడు. నేడు లోకమంతట వాడుకలోనున్న గొట్టమునకు మాత్రము అమెరికా వైద్యుడు ఫ్రెడరిక్ ఫోలీ పేరు నిలిచినది. 1930ల దశకమున రూపుదిద్దుకొనిన ఆ గొట్టము కొసయందు చిన్న బుడగ యుండును; మూత్రాశయమును చేరిన పిదప దానిని నీటితో నింపినచో గొట్టము జారిపడదు. పెద్దలకు సాధారణముగా 10 మిల్లీలీటర్ల శుద్ధజలము చాలును. సెలైను నింపినచో ఉప్పు స్ఫటికములు కట్టి ఆ సన్నని దారి పూడి, తీయవలసిననాడు బుడగ ఖాళీ కాక మొండికేయవచ్చును. గొట్టపు లావును పారిసు నగరపు పరికరనిర్మాత షార్యేర్ ఏర్పరచిన కొలతలో చెప్పుదురు. ఒక్కొక్క అంకె మిల్లీమీటరులో మూడవవంతు గనుక 16 అంకె గలది ఐదు మిల్లీమీటర్లకు కొంచెము హెచ్చు. ప్రక్కనుండి కారుచున్నది, ఇంకను లావుది వేయుడని ఇంటివారు కోరుట కద్దు. కాని కారుటకు హేతువు తరచుగా మూత్రాశయము ఉండియుండి బిగుసుకొనుటయో, మలబద్ధముచేత ఒత్తిడి కలుగుటయో, గొట్టము మడతపడుటయో, పూడుటయో అయియుండును. లావుగొట్టము ఆ బాధను పెంచునేగాని తీర్చదు.

మార్చునప్పుడు తొందర పనికిరాదు. పాతగొట్టపు బుడగకు ఖాళీ సిరంజి తగిలించి, బలముగా లాగక, నీరు తనంతట వెనుకకు వచ్చువరకు ఓపిక పట్టవలెను. క్రొత్తది వేయుటకు ముందు మత్తుజెల్లీ పట్టించి కొన్ని నిమిషములు ఊరకుండవలెను. చేతిలో సమయము లేని నర్సు మొదట విడిచిపెట్టునది ఈ నిరీక్షణమే. గొట్టమున మూత్రము కనబడగానే బుడగ నింపరాదు, ఏలయన ఆ క్షణమున బుడగ ఇంకను మూత్రమార్గముననే యుండి, నింపినచో దానిని చీల్చవచ్చును. పురుషులయందు గొట్టము రెండుగా చీలు చోటువరకు లోనికి పోనిచ్చి, అప్పుడు సిరంజిని మెల్లమెల్లగా నొక్కుచు, నా చూపును రోగి మొగముపై నిలుపుదును. కనుబొమ్మ ఏమాత్రము ముడివడినను నా బొటనవ్రేలు ఆగిపోవును. మాట పడిపోయినవారికి బాధను తెలుపుటకు వేరొక మార్గము లేదు గదా! శుభ్రపరచుటకై వెనుకకు తీసిన ముందరి చర్మమును మరల యథాస్థానమునకు తెచ్చుట కూడ మరువరాదు. మరచినచో అది వాచి బిగిసి, మరునాటికి ఆసుపత్రి పాలుచేయును.

ఇంతవరకు చెప్పినది అరగంట పని. మిగిలిన దినములన్నియు ఇంటివారివే. మా ఊరి ఇన్నీసుపేటలో ఒక యింట, పక్షవాతముచే ఎడమప్రక్క చచ్చుబడిన పెద్దాయనకు గొట్టము మాటిమాటికి పూడిపోవుచుండెను. సంచిలో మూత్రము చిక్కని కషాయమువలె నుండెను. రోజునకు ఎన్ని గ్లాసుల నీరు త్రాగుచున్నారని అడిగితిని. ఆయన కోడలు వంటింటిలోనికి పోవువరకు వేచి, మెల్లగా ననెను: "నీళ్ళు తాగితే సంచి నిండుతుంది సిస్టరుగారూ. నిండితే ఆ పిల్లే వచ్చి తియ్యాలి. కోడలిచేత ఆ పని చేయించుకోమంటారా?" కోడలిని విడిగా అడుగగా, "మా నాన్నకైతే చెయ్యనా అండీ? నాకేం లేదు, ఆయనే మొహం గోడవైపు తిప్పేసుకుంటారు" అని కంటతడి పెట్టినది. వీరిలో ఎవరిని తప్పుపట్టగలను? ఆయన కుడిచేయి బాగుగనే యున్నది. సంచిని మంచమునకు కుడిప్రక్క, మూత్రాశయముకంటె దిగువను, నేలకు తగులకుండునట్లు కట్టి, చేతులు శుభ్రపరచుకొని, క్రింది మూతిని మగ్గు అంచునకు తాకనీయక తిప్పుట ఆయనకే నేర్పితిని. మగ్గును పారబోయుట మాత్రము కోడలి వంతు. మరుసటి సందర్శనమునాటికి మంచము ప్రక్కను మంచినీళ్ళ చెంబు వెలసినది. గొట్టమున తేటమూత్రము దిగుచుండెను.

రోగిని ఆటోలో ఎక్కించునప్పుడు సంచిని ఆయన పొట్టపై పెట్టువారిని నేనెందరినో చూచితిని. నిలువయున్న మూత్రము వెనుకకు మరలి మూత్రాశయమును చేరునని వారి కెవరును చెప్పలేదు. గొట్టమును తొడకు అంటించి కట్టినచో లాగుడు ఉండదనియు, ప్రతిదినము సబ్బునీటితో కడుగుట చాలుననియు, ఘాటైన క్రిమినాశకములు పుండు చేయుననియు చెప్పినవారును లేరు. నెల దాటిన గొట్టమున సూక్ష్మజీవులు చేరుట దాదాపు తప్పదు. కనుక చలిజ్వరము, పొత్తికడుపు నొప్పి, మాట తడబాటు వంటివి లేనప్పుడు, ల్యాబు కాగితమును మాత్రము చూచి యాంటీబయాటిక్కులు మ్రింగించుట మేలుకన్న కీడే చేయును. కొన్ని సూక్ష్మజీవులు యూరియాను విడగొట్టి మూత్రమును క్షారముగ మార్చగా, సున్నపుపెట్టు వంటి స్ఫటికములు గొట్టపు రంధ్రమును మూసివేయును. అట్టివారికి గడువునకు ముందే మార్చవలెను. సంచి ఒక్కొక్కప్పుడు ఊదారంగునకు తిరిగి ఇంటిల్లిపాదిని భయపెట్టును. అదియు సూక్ష్మజీవుల పనియే. మలబద్ధము గల వృద్ధస్త్రీలయందు ఎక్కువ. ఆ రంగువలన హాని లేదు.

కేరళ రాష్ట్రము 2008లో పాలియేటివ్ (ఉపశమన) సేవల విధానమును ప్రకటించి, పంచాయతుల ద్వారా ఇండ్లకు నర్సులను పంపుచున్నది. అట్టి యేర్పాటు మన పల్లెల గడపగడపకును రావలెనని నా గాఢమైన కోరిక. అది వచ్చులోపల ఖర్చులేని పని యొకటి కలదు. డిశ్చార్జి కాగితముపై గొట్టము వేసిన తేదీ లేని రోగులు నాకు తరచుగా ఎదురగుచున్నారు. మరొక పెద్దాయనకు మూత్రము బంధింపబడినప్పుడు వేసిన రబ్బరుపాల గొట్టము, కొన్ని వారములకే మార్చవలసినది, జీవితాంతము ఉండునదే యని ఇంటివారు భావించుటచే మాసముల తరబడి అట్లే యుండిపోయెను. వైద్యునితో మాటలాడి, ప్రొస్టేటు మందు కొన్ని దినములు వాడించి, గొట్టము తీసి చూడగా ఆయన తనంతట మూత్రము విడువగలిగెను. అన్ని మాసములు ఆయన గుడికిని, మనుమరాలి నిశ్చితార్థమునకును పోక ఇంటనే యుండెను. ఆసుపత్రులవారికి నా విన్నపము: వేసిన తేదీ, గొట్టపు రకము, కొలత, బుడగలో నింపిన నీరు, మార్చవలసిన దినము, ఎప్పుడు తీసి చూడవలెనో ఆ మాట, ఇవి తెలుగున వ్రాసి, ఇంటివారికి చదివి వినిపించి పంపుడు.