పంక్తిలో ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు

దేవుడి మీద నమ్మకం లేనివాళ్ళకి గుళ్ళల్లోనూ చర్చిల్లోనూ ఏం పని అని మీరడగొచ్చు. పెళ్ళికి భోజనం కోసం కాకుండా, ఎవరెవరొచ్చారో, ఎవర్ని ఏ పంక్తిలో కూర్చోబెట్టారో చూడ్డానికి వెళ్ళేవాళ్ళు లేరూ? నాదీ ఆ బాపతే. ప్రార్థన చేసేవాళ్ళు కళ్ళు మూసుకుంటారు. నాలాంటివాళ్ళకి కళ్ళు తెరుచుకోవడమే పని.

జర్మనీలో ఎల్బె నది ఒడ్డున విట్టెన్‌బర్గ్ అనే చిన్న ఊరుంది. పాపక్షమాపణ పత్రాల అమ్మకాన్ని నిలదీస్తూ 1517లో మార్టిన్ లూథర్ 95 వాదాలు రాసింది ఇక్కడే. 1842లో హయ్యర్ దొరగారు గుంటూరు వచ్చి మిషన్ పెట్టినప్పట్నుంచీ మనం వింటున్న ‘లూథరన్’ అన్న మాటకి పుట్టిల్లు ఇదన్నమాట. యాత్రికులు ముందుగా కోట చర్చికి పరుగెడతారు, ఆ వాదాలు అంటించాడంటారే, ఆ తలుపు చూడ్డానికి. ఇప్పుడక్కడున్నది 1858లో పెట్టిన కంచు తలుపు. లూథర్ ఊరి జనానికి ఉపదేశాలు చెప్పిందీ, అసలు చూడవలసిందీ బజారు పక్కనున్న ఊరి చర్చి.

అందులో బలిపీఠం మీద 1547లో నిలిపిన పెద్ద చిత్రం ఉంది. లూకాస్ క్రానాఖ్, అతని చిత్రశాలవాళ్ళూ కలిసి వేశారు. నడుమ క్రీస్తు చివరి విందు. చాలామంది చిత్రకారులు పొడుగుబల్ల వేస్తారు, క్రానాఖ్ గుండ్రటి బల్ల వేశాడు. గుండ్రటి బల్లకి మొదలూ చివరా ఉండవు గదా! శిష్యుల మధ్య గడ్డంతో లూథర్‌ని కూడా కూర్చోబెట్టేశాడు. అంతకన్నా గొప్ప సంగతి, తనని పట్టివ్వబోయే ఇస్కరియోతు యూదా నోటికి క్రీస్తు తన చేత్తో ముద్ద పెడుతున్నాడు. నమ్మకం లేని నాకు కూడా అక్కడ గొంతు పట్టేసింది. ద్రోహిని కూడా పంక్తిలోంచి లేపలేదు!

అయితే ఆ బల్ల దగ్గర ఆడమనిషి ఒక్కర్తీ లేదు. కింది పలకలో లూథర్ ఉపదేశం చెబుతుంటే ముందు కూర్చుని వింటున్నారు ఆడవాళ్ళు. వాళ్ళలో పిల్లవాణ్ణి దగ్గరపెట్టుకున్నావిడ లూథర్ భార్య కాథరీనా అంటారు. మఠంలోంచి పారిపోయి వచ్చి, 1525లో అతన్ని పెళ్ళాడి, పశువుల్ని మేపి, బీరు కాచి, ఇంటినిండా ఉన్న విద్యార్థులకీ అతిథులకీ వండి వడ్డించిన ఇల్లాలు ఆవిడ. మగవాళ్ళ పంక్తి లేచాక మిగిలింది తినడం తెలిసిన మనకి ఆ బొమ్మ వివరించనక్కర్లేదు. అయినా ఆ కాలపు చర్చిలో మామూలు ఇల్లాళ్ళకి అంత ముందు చోటివ్వడమూ తక్కువేం కాదు.

కుడివైపు పలకలో ఊరి పాదిరీ బూగెన్‌హాగెన్ చేతుల్లో రెండు తాళంచెవులు. ఒకటి మోకరిల్లినవాణ్ణి లోపలికి రానిస్తుంది. రెండోది చేతులు కట్టి ఉన్నవాణ్ణి బయటికి పంపేస్తుంది. ఈ రెండో తాళంచెవిని గుర్తుపెట్టుకోండి.

ఎందుకంటే అదే చర్చి బయటిగోడ మీద, ఆగ్నేయమూల, ఇంకో బొమ్మ ఉంది. 13వ శతాబ్దం చివర చెక్కింది. యూదులు పంది పాలు తాగుతున్నట్టు! పందిని ముట్టని మతంవాళ్ళని ఇంతకన్నా ఎలా అవమానిస్తారు? అది లూథర్‌కి ముందుది, నిజమే. కాని 1543లో అతను యూదుల మీద విషం కక్కుతూ రాసిన పుస్తకంలోని మాటల్ని తీసుకుని 1570లో ఆ శిల్పం మీద చెక్కారు. లోపల ద్రోహికి ముద్ద పెట్టిన చర్చి బయట ఇరుగుపొరుగువాళ్ళని పంక్తి బాహ్యుల్ని చేసింది.

నాజీలు చంపిన 60 లక్షలమంది యూదుల్ని తలుచుకుంటూ 1988లో దాని కింద నేలమీద కంచు ఫలకం పరిచారు. ఆ ఫలకం ఉంది కనక శిల్పాన్ని తియ్యక్కర్లేదని 2022లో జర్మనీ ఉన్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. చరిత్రని చెరపకూడదన్న మాట సబబే. కాని మీ గురించి వీధిగోడ మీద బూతు రాసి, కింద చిన్నక్షరాల్లో క్షమాపణ రాస్తే ఆ బూతు చెరిగిపోతుందా? దాన్ని దింపి, కథంతా విప్పి చెప్పే మ్యూజియంలో పెట్టడమే మర్యాద అని నాకనిపిస్తుంది. గుడిగోడంటే గౌరవస్థానం. దాన్ని అవమానానికి వదిలెయ్యకూడదు.

చిత్రం మాత్రం గొప్పది, అందులో సందేహం లేదు. దాన్ని పొగుడుతూ రాసి గోడ సంగతి ఎత్తకపోతే అది సగం విమర్శే. మీరెప్పుడైనా అటు వెళితే, లోపల చూసి రాగానే బస్సెక్కేయకండి. చర్చి చుట్టూ తిరిగి ఆగ్నేయమూల ఓసారి తలెత్తి చూడండి. మనూళ్ళో ఎవర్ని ఏ మూల నిలబెట్టామో కూడా అప్పుడు గుర్తుకొస్తుంది.